రాసుకోవడానికి ఊరు దాటితే: మొయినాబాద్ నుంచి సోమశిల దాకా

నవల ఆఖరి అధ్యాయాలో, అనువాదమో, ఎంతకీ తెమలని వ్యాసమో ముందేసుకుని హైదరాబాద్ దాటాలనుకునేవాళ్ళు గది వెతికేటప్పుడు ముందు ఫొటోలు చూస్తారు. కిటికీలోంచి కొండ, వరండా ముందు నీళ్ళు. అవి ఉంటే మంచిదే. కానీ అయిదు రోజులు కూర్చుని రాయాలంటే ముందు అడగాల్సినవి నాలుగు: బల్ల, కరెంటు, చప్పుడు, వారంలో ఏ రోజులు. ఈ నాలుగూ కుదిరిన మామూలు గది, కుదరని కొండమీది కాటేజీ కంటే ఎంతో మేలు.

నగరానికి దగ్గరగా ఉన్నవి మొయినాబాద్, చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను అదుపులో పెట్టింది. ఆ పక్కన ఇప్పటికీ తోటలూ ఖాళీ పొలాలూ మిగలడానికి అదొక పెద్ద కారణం. మెహదీపట్నం నుంచి గంట, గంటన్నరలో చేరిపోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఈ ఫామ్‌హౌస్‌లు గుంపుగా వచ్చేవాళ్ళ కోసం సిద్ధం చేసినవి. శుక్రవారం సాయంత్రం మొదలుకుని ఆదివారం రాత్రి దాకా స్విమ్మింగ్ పూల్, సౌండ్ బాక్సులు, పుట్టినరోజులు, హల్దీ ఫంక్షన్లు. మీరు తీసుకున్న తోట నిశ్శబ్దంగానే ఉండొచ్చు, కానీ రాత్రిపూట చదును పొలాల మీదుగా బేస్ చప్పుడు కిలోమీటరు దూరం నుంచి కూడా వినిపిస్తుంది. కాబట్టి ఈ వైపు వెళ్తే సోమవారం నుంచి గురువారం దాకానే. ఓనరుతో మాట్లాడాక వాచ్‌మన్‌తో కూడా ఒకసారి మాట్లాడండి. "పక్క తోట కూడా కిరాయికి ఇస్తరా? ఈ వారం బుకింగ్ ఉందా?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేది ఆయనే.

ఇక్కడే ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి బోరు మోటారు. సబ్‌మెర్సిబుల్ మోటారైతే నేల లోపల ఉంటుంది కనుక చప్పుడు దాదాపు తెలియదు. కంప్రెసర్ మోటారైతే పైనే ఉండి దడదడలాడుతుంది. దానికి ఆటో స్టార్టర్ బిగించి ఉంటే, పోయిన కరెంటు రాత్రి రెండింటికి వచ్చినా మోటారు తనంతట తానే అందుకుంటుంది. రెండోది కోళ్ళ ఫారాలు. రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో ఇవి చాలా ఉన్నాయి. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. ఆ దిక్కున షెడ్డు ఉంటే వాసనతోపాటు ఈగలూ గదిలోకి వస్తాయి. మ్యాపులో ఉపగ్రహ చిత్రం పెట్టి చూస్తే పొడవాటి సమాంతర రేకుల కప్పులు ఇట్టే తెలిసిపోతాయి.

వారం రోజుల పనికి వికారాబాద్ దగ్గరి అనంతగిరి మంచి ఎంపిక. నగరం నుంచి సుమారు 80 కిలోమీటర్లు. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. కారు అక్కర్లేదు: లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా వెళ్ళే రైలు ఎక్కితే వికారాబాద్ జంక్షన్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి గుట్ట ఆరు కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు చేవెళ్ళ దారిలో రెండు పక్కలా పాత మర్రిచెట్లు కనిపిస్తాయి. ఇరుకు రోడ్డు, లారీలు ఎక్కువ, చీకటి పడ్డాక వెళ్ళొద్దు. గుట్ట మీద పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు కాటేజీలూ చాలానే వెలిశాయి. నిజాం కాలంలో క్షయరోగుల శానటోరియానికి ఈ చోటును ఎంచుకున్నది గాలి కోసమే. ఆ గాలి వారం మధ్యలో ఇప్పటికీ దొరుకుతుంది. మంగళవారం ఉదయం ఆరింటికి అడవి బాటలో నడిస్తే నెమళ్ళ అరుపు తప్ప ఏమీ ఉండదు. ఆదివారం అదే బాటలో సెల్ఫీల కోసం వరుస కడతారు. కార్తీకమాసంలో అనంత పద్మనాభస్వామి గుడికి వచ్చేవాళ్ళు, వనభోజనాలకు వచ్చేవాళ్ళు కలిసి మామూలు రోజుల్ని కూడా నింపేస్తారు. ఆ నెల వదిలేయడమే మంచిది.

అనంతగిరిలో కోతుల విషయం తేలిగ్గా తీసుకోకండి. వరండాలో కూర్చుని రాయాలని అందరికీ అనిపిస్తుంది. చేతిలో పాలిథిన్ కవరు ఉంటే చాలు, అందులో తిండి ఉందనే అనుకుంటాయి. బిస్కెట్ల కోసం వచ్చిన కోతి కాగితాల కట్ట లాక్కుపోతే మళ్ళీ దొరకదు. చేతిరాత ప్రతిని ఏ పూటకాపూట ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. తలుపు గడియ, కిటికీ జాలీ గది తీసుకునేటప్పుడే లాగి చూడండి.

నాగార్జున సాగర్ 150 కిలోమీటర్ల దూరం. జలాశయం కనిపించే హరిత విజయ్ విహార్ గదులు రాసింది దిద్దుకునే పనికి బాగుంటాయి: పొద్దున దిద్దుడు, మధ్యాహ్నం నుంచి నీళ్ళకేసి చూస్తూ చదువు. లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళొస్తే సగం రోజు పోతుంది. ఆ సగం రోజును ముందే లెక్కలో రాసిపెట్టుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లు ఎత్తారన్న వార్త వస్తే మాత్రం ప్రయాణం మానుకోండి. ఆ వారమంతా కార్ల హారన్లే.

సోమశిల ఇంకా దూరం, కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డున, శ్రీశైలం వెనక జలాల అంచున. 180 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం కాబట్టి రెండు రోజుల కోసం వెళ్ళడం దండగ. వారం పైన ఉండేవాళ్ళకే అది. ఎండాకాలంలో నీళ్ళు బాగా వెనక్కి పోయి బురద మైదానం కనిపిస్తుంది. దసరా తర్వాత నుంచి సంక్రాంతి ముందు దాకా దానిదే అందం. మందులు, ప్రింటు కాగితం, కళ్ళద్దాల రెండో జత వెంట ఉండాలి. అక్కడ కొనుక్కోవచ్చులే అనుకోకూడదు.

అమ్రాబాద్ అడవిలో మన్ననూరు చూసి ముచ్చటపడనివాళ్ళు ఉండరు. అయితే శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టు మూసేస్తారు, సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, అటవీ శాఖ బస ఏర్పాట్లు అడవి చూసేవాళ్ళను ఉద్దేశించినవి. ఒక రాత్రికి బాగుంటుంది. పనికి కాదు.

ఇక గది. హోటల్లో టేబుల్ అని చూపించేది చాలాసార్లు టీపాయ్, లేదా అద్దం ముందున్న డ్రెస్సింగ్ బల్ల. టీపాయ్ ఎత్తు 16 నుంచి 18 అంగుళాలు. రాయడానికి కావలసింది 28 నుంచి 30 అంగుళాలు, కుర్చీ సీటు 17, 18. డ్రెస్సింగ్ బల్లకు ఎత్తు సరిపోయినా కింద సొరుగు ఉంటుంది, మోకాళ్ళు దూరవు. అప్పుడు మనిషి పక్కకు తిరిగి కూర్చుంటాడు, రెండో రోజుకు నడుము పట్టేస్తుంది. డైనింగ్ హాల్లోని నాలుగు కాళ్ళ బల్ల ఒకటి గదిలో వేయించమని బుకింగ్ అప్పుడే అడగండి, చాలాచోట్ల వేస్తారు. టేపు పెట్టి కొలిచి ఫొటో పంపమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ప్లాస్టిక్ కుర్చీ తప్పనిసరైతే వీపు దగ్గర మడిచిన దుప్పటి, కూర్చునే చోట పలచని దిండు పెట్టుకోండి. దిండు మందంగా ఉంటే సీటు ఎత్తు పెరిగి మోచేతులు బల్లకు అందకుండా పోతాయి.

కరెంటు దగ్గర అందరూ "ఇన్వర్టర్ ఉందా" అని అడిగి ఊరుకుంటారు. అడగాల్సింది "ఇన్వర్టర్ లైను ప్లగ్గుకు ఇచ్చారా" అని. వైరింగులో ఎక్కువగా ఒక లైటుకూ ఒక ఫ్యానుకూ ఇచ్చి ఆపేస్తారు, సాకెట్లు మెయిన్ లైను మీదే ఉంటాయి. దాంతో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లాప్‌టాప్ మాత్రం చచ్చిపోతుంది. అయిదు మీటర్ల వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్ళండి, ప్లగ్గు ఎప్పుడూ మంచం వెనకే ఉంటుంది. సాయంత్రం లో వోల్టేజీకి లాప్‌టాప్ అడాప్టరు తట్టుకుంటుంది కానీ వైఫై రౌటర్ ఆగి ఆగి మొదలవ్వొచ్చు. అందుకని నెట్ లేకుండా జరిగే పనే పెట్టుకోవాలి. విండోస్‌లోనే ఉండే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నెట్ లేకుండా పనిచేస్తుంది. బ్రౌజరులో తెలుగు టైపు చేసే అలవాటున్నవాళ్ళు అక్కడికెళ్ళాక చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. నిఘంటువు అచ్చు ప్రతి ఒకటి సంచిలో పడేసుకోండి.

తొలకరి రోజుల్లో ట్యూబులైటు వేస్తే ఉసిళ్ళు వచ్చి బల్ల నిండా రెక్కలు రాలుస్తాయి. తెల్లని కాంతికి ఎక్కువ వస్తాయి, పసుపు బల్బుకు తక్కువ. వరండా లైటు ఆపి, తలుపు కింద సందులో తడిబట్ట దూర్చి, బల్ల మీద చిన్న పసుపు దీపం ఒక్కటే పెట్టుకుంటే రాత్రి పని సాగుతుంది. నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రి తిరుగుతుంది, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. మంచం, పరుపు కిందికి దోపిన దోమతెర, బయటికి టార్చి, ఇవి తప్పనిసరి. పాముకాటు మందుండే ఆసుపత్రి ఎంత దూరమో వచ్చిన రోజే కనుక్కోండి. ఏదైనా జరిగితే కట్లు కట్టడం, కోయడం చేయకుండా 108కి ఫోను చేయాలి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఊళ్ళోంచి వచ్చి వండిపెట్టే ఆవిడ ఉంటే రిసార్ట్ మెనూ జోలికి పోకండి. మధ్యాహ్నం జొన్నరొట్టె, కూర, మజ్జిగ అడిగితే సంతోషంగా చేస్తారు, అన్నం తిన్నప్పటిలా కళ్ళు మూతలు పడవు. పండక్కి ఆమె రారని మాత్రం గుర్తుంచుకోండి.

పండగల లెక్క చప్పుడుకూ వర్తిస్తుంది. వినాయక నవరాత్రుల్లో ఏ ఊరైనా ఒకటే, మైకు రాత్రి దాకా మోగుతుంది. శ్రావణంలో ముహూర్తాలుంటే ఫంక్షన్ హాలు పక్కన గది తీసుకోకూడదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రాలు పాటలుంటాయి. ఆ రోజుల్లో వెళ్తే సాయంత్రం పని పెట్టుకోకుండా పోయి చూడండి, అది పోగొట్టుకోదగ్గది కాదు.

వీటన్నిటి తర్వాత కుదిరే పద్ధతి ఇది. మొయినాబాద్ వైపు కాకపోతే ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాలి. అందరూ నగరానికి తిరిగొచ్చే వేళ కనుక మీ వైపు రోడ్డు ఖాళీ, వెళ్ళేసరికి గదులూ ఖాళీ. ఆ సాయంత్రం బల్ల, ప్లగ్గు, లైటు సర్దుకోవడానికే సరిపోతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు ఉదయాలు చేతికొస్తాయి. విడి రోజుల లెక్కన కాకుండా ఆదివారం రాత్రి నుంచి శుక్రవారం దాకా మొత్తానికి ఒక రేటు అడగండి, ఖాళీగా ఉండే రోజులు కాబట్టి తగ్గిస్తారు. చెక్‌అవుట్ పదకొండుకైతే శుక్రవారం ఉదయం సగమే మీది. మధ్యాహ్నం రెండు దాకా ఉంటామని ఆదివారమే మాట్లాడుకోండి. శుక్రవారం పొద్దున అడిగితే వీకెండ్ బుకింగులు వచ్చేశాయంటారు.