పార్టులన్నీ మారాయి, విండోస్ మాత్రం అదే

మదర్‌బోర్డు మారిస్తే విండోస్ మళ్లీ వేయాల్సిందే అన్న మాట ఎక్స్‌పీ రోజులది. 2001లో వచ్చిన ఆ సిస్టమ్, తనకు తెలిసిన డిస్క్ కంట్రోలర్ (మదర్‌బోర్డులో డిస్క్‌ను నడిపే చిప్) కనబడకపోతే బ్లూ స్క్రీన్ చూపించి ఆగిపోయేది. అప్పటికి ఆ సలహా సరైనదే. కానీ నా కంప్యూటర్‌లో 2017లో వేసిన విండోస్ 10, మధ్యలో 11గా మారి, ఇప్పుడు రెండో మదర్‌బోర్డు మీద మూడో ప్రాసెసర్‌తో నడుస్తోంది. ఇన్నేళ్లలో ఒక్క ఫార్మాట్ కూడా పడలేదు. ఇది ఇంత బాగా పనిచేస్తుందని ముందే గట్టిగా చెప్పేవాళ్లు ఉండుంటే ఎంతమందికి ఎన్ని శనాదివారాలు మిగిలేవో!

ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై గురించి ఆలోచించనక్కర్లేదు. కొత్త ఎస్‌ఎస్‌డీకి పాత డిస్క్‌ను క్లోన్ చేస్తే (ఉన్నదున్నట్టు నకలు తీస్తే) చాలు. అయితే సీ డ్రైవ్ ఒక్కటే కాకుండా ఈఎఫ్ఐ పార్టిషన్‌తో (విండోస్‌ను లేపే ఫైళ్లుండే చిన్న భాగం) సహా మొత్తం డిస్క్‌ను క్లోన్ చేయాలి, మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్‌ను ఊడదీసి ఉంచాలి. అదే సాకెట్‌లో ప్రాసెసర్ మారిస్తే ముందు బయాస్ (మదర్‌బోర్డులోనే ఉండి విండోస్ కంటే ముందు లేచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, తర్వాత కొత్త చిప్. అంతే.

మదర్‌బోర్డు మార్చినప్పుడు మొదటి బూట్‌లో పరికరాలను సిద్ధం చేస్తున్నట్టు చెబుతూ కాసేపు తీసుకుంటుంది, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ కావచ్చు. మధ్యలో పవర్ బటన్ నొక్కకూడదు. కొత్త బోర్డు నెట్‌వర్క్ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. మరిచిపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టినా సరిపోతుంది.

ఇక అసలు కోపం దేనిమీదంటే, బయాస్‌లో ఉండే ఒకే ఒక్క లైను మీద: స్టోరేజ్ మోడ్. బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని ఇది ఎంచుతుంది: ఏహెచ్‌సీఐ, రెయిడ్, ఇంటెల్ 11వ తరం నుంచి కనబడే వీఎండీ. బయాస్ అప్‌డేట్ చేసినా, సీమాస్ క్లియర్ చేసినా (బయాస్ సెట్టింగులన్నీ చెరిపినా) ఈ లైను ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు వెళ్లిపోతుంది. వీఎండీ ఆన్‌లో ఉండగా నడిచిన విండోస్, అది ఆఫ్ కాగానే 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ ఆగిపోతుంది. అదే రోజు ప్రాసెసర్ కూడా మార్చి ఉంటారు కాబట్టి నింద కొత్త చిప్ మీద పడుతుంది, వెంటనే ఫార్మాట్ మొదలవుతుంది. నిజానికి డిస్క్‌లో ఒక్క ఫైలూ పాడవలేదు. విండోస్ లేచేటప్పుడు తనకు అలవాటైన స్టోరేజ్ డ్రైవర్‌నే ముందుగా లోడ్ చేసుకుంటుంది, వాడుకలో లేనివాటిని పక్కన పెడుతుంది. డిస్క్ మరో కంట్రోలర్ వెనక్కి చేరేసరికి దాన్ని చేరే డ్రైవర్ చేతిలో ఉండదు.

కాబట్టి ఆ బ్లూ స్క్రీన్ వస్తే మొదట చేయాల్సింది ఒక్కటే: బయాస్‌లోకి వెళ్లి స్టోరేజ్ మోడ్‌ను పాత స్థితికి తేవడం. అయిదు నిమిషాల్లో డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది. మోడ్ నిజంగానే మార్చాలంటే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ ఎంచుకోండి. రీస్టార్ట్ చేసి, విండోస్ లేవకముందే బయాస్‌లోకి దిగి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్ పక్కన పెట్టిన మామూలు స్టోరేజ్ డ్రైవర్లను కూడా లోడ్ చేస్తుంది కనుక డిస్క్ దొరుకుతుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా పాస్‌వర్డ్ గుర్తుండాలి. బయాస్ ముట్టుకునే ముందు ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవడం కంటే మంచి అలవాటు లేదు.

బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసుకుని, బయాస్ అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయాలి. ఏఎమ్‌డీ బోర్డుల్లో ప్రాసెసర్ మార్చగానే ఎఫ్‌టీపీఎం (ఎన్‌క్రిప్షన్ తాళాలు దాచే భాగం) రీసెట్ చేయమంటారా అని అడుగుతుంది. కీ చేతిలో లేకుండా వై (అవును) నొక్కారో, డిస్క్ తాళం పడినట్టే. విండోస్ 11లో చాలా మెషీన్లకు ఎన్‌క్రిప్షన్ అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

పాత విండోస్ లెగసీ బూట్‌లో (యూఈఎఫ్ఐ రాకముందు ఉన్న పాత బూట్ పద్ధతి) వేసినదైతే, ఆ బూట్‌ పద్ధతే లేని కొత్త బోర్డు మీద అది లేవదు. 2017 నుంచి విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్‌టూజీపీటీ (డిస్క్‌ను పాత ఎంబీఆర్ అమరిక నుంచి కొత్త జీపీటీకి మార్చే సాధనం) దీనికి మందు. ముందు వ్యాలిడేట్, తర్వాత కన్వర్ట్. డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు. ఈ పని పాత బోర్డు మీదే చేసి, యూఈఎఫ్ఐ మోడ్‌లో ఒకసారి లేచిందని చూశాకే బోర్డు విప్పాలి.

లైసెన్స్ సంగతి వేరు. రిటైల్ కీ (విడిగా కొన్నది) కొత్త బోర్డుకు వస్తుంది, ఓఈఎం కీ (కంప్యూటర్‌తో పాటే వచ్చినది) పాత బోర్డుతోనే పోతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముందే లింక్ చేసి ఉంటే, తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పే అవకాశం ఉంటుంది. ఇది కుదరకపోతే కొత్త కీ కొనాలి. ఫార్మాట్ చేసినా ఆ ఖర్చు తప్పదు.

బాగా పనిచేస్తుందన్నాను, పరిశుభ్రంగా అనలేదు. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపమంటే పాత బోర్డు ఆనవాళ్లు వరుసగా కనబడతాయి. అవి ఉండటం వల్ల నష్టం లేదు. పాత బోర్డు ఫ్యాన్, లైట్ల సాఫ్ట్‌వేర్ మాత్రం మార్చకముందే తీసేయాలి, లేకపోతే దాని సర్వీసులు కొత్త బోర్డు మీద కూడా తిరుగుతూనే ఉంటాయి. ఏఎమ్‌డీ రైజెన్ 7950ఎక్స్3డీ లాంటి రెండు చిప్లెట్ల (కోర్లు రెండు ముక్కలుగా ఉన్న) ప్రాసెసర్ తీసేసి వేరేది పెట్టినవారికి ఒక చిక్కుంది: గేముల్లో సగం కోర్లను నిద్రపుచ్చే చిప్‌సెట్ డ్రైవర్ పద్ధతి అలాగే మిగిలిపోవచ్చు. అలాంటి చోట కొత్తగా వేసుకోవడమే నయం.

ఈ మెషీన్‌లో ఆడియో ప్లగిన్లు ఎక్కువ, ఒక్కోదానికి విడి యాక్టివేషన్. బోర్డు మార్చే ముందు వాటిని డీయాక్టివేట్ చేయడం మాత్రం తప్పలేదు, కానీ మొత్తం మళ్లీ వేసి అమర్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే పాత విండోస్‌నే లాక్కొస్తున్నాను. బ్రౌజరూ నాలుగు గేములూ మాత్రమే ఉన్నవారికి, బోర్డు మార్చిన రోజున ఒక గంట కూర్చుని కొత్తగా వేసుకోవడమే తేలిక కావచ్చు.