కార్పొరేటర్ పోటీ: పార్టీ బీ-ఫారమా, ఇండిపెండెంటా?

కాలనీ సంఘం ప్రెసిడెంటుగా పేరు తెచ్చుకున్నవాళ్లు హైదరాబాద్‌లో కార్పొరేటర్‌గా నిలబడాలంటే రెండు దారులు. పార్టీ బీ-ఫారం (మా అధికారిక అభ్యర్థి ఈయనే అని పార్టీ ఇచ్చే పత్రం) దొరికితే అందరికీ తెలిసిన గుర్తు, బూత్ ఏజెంట్లు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు వస్తారు. కాకపోతే చివరిదాకా టికెట్ టెన్షన్. గెలిచాక మేయర్ ఎన్నికలో చెయ్యెత్తేదీ పార్టీ చెప్పినవాళ్లకే.

ఇండిపెండెంటు ఎవరినైనా నిలదీయొచ్చు. కానీ గుర్తు ఆలస్యంగా వస్తుంది, ప్రచారానికి మిగిలేది కొద్ది రోజులే. పైగా సొంత కాలనీలో హీరో అయినా పక్క బస్తీలో ఆయనెవరో తెలీదు! 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఫలితాలే చూడండి: 150 డివిజన్లలో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, ఎంఐఎం 44, కాంగ్రెస్ 2. ఇండిపెండెంట్లకు ఒక్కటీ రాలేదు. గెలుపే కావాలంటే బీ-ఫారమే. మన వీధి డ్రైనేజీ గోడు పార్టీల చెవిన పడాలంటే మాత్రం, నాలుగొందల ఓట్లు చీల్చే ఇండిపెండెంటూ తక్కువేం కాదు.