రేడియోలో జాజ్: స్టూడియో కార్యక్రమమా, ఉత్సవ ప్రసారమా?

జాజ్‌ను రేడియోలో వినదలచినవారికి వ్యాఖ్యాత ఏరి వినిపించే కార్యక్రమం మేలా, ఉత్సవ వేదిక నుంచి వచ్చే కచేరీ ప్రసారం మేలా అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. నేను రెండూ వింటాను. ఒక్కదానికే తీరిక దొరికిన రోజున మాత్రం ఉత్సవ ప్రసారాన్నే ఎంచుకుంటాను. అందుకు కారణం నిడివి.

కార్యక్రమం బలం తక్కువదేమీ కాదు. 1955 నుంచి నాలుగు దశాబ్దాల పాటు అమెరికా ప్రభుత్వం విదేశీ శ్రోతల కోసం నడిపిన వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోలో జాజ్ వినిపించిన విల్లిస్ కానొవర్, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారికి సైతం అర్థమయ్యేలా ఒక్కొక్క మాటనూ నిదానంగా, విడివిడిగా పలికేవారు. షార్ట్‌వేవ్‌లో ధ్వని తేలుతూ మునుగుతూ ఉన్నా వాద్యకారుల పేర్లు శ్రోతకు అందేవి. పియానో వాద్యకారిణి మరియన్ మెక్‌పార్ట్‌లాండ్ తన 'పియానో జాజ్' రేడియో కార్యక్రమంలో అతిథితో మాటలు కలుపుతూనే, ఒక వరసను ఎలా మలుస్తారో అక్కడికక్కడే వాయించి చూపించేలా చేసేవారు. ఉత్సవ ప్రసారంలో ఈ సదుపాయం ఉండదు. చప్పట్ల హోరులో పేర్లు కొట్టుకుపోతాయి. వినిపిస్తున్నది ఆల్టో శాక్సఫోనా, అంతకంటే మంద్రంగా పలికే టెనరా అన్నది మన చెవే తేల్చుకోవాలి.

అయితే కార్యక్రమం గడియారానికి లోబడినది. గంటలో పది రచనలూ వాటి మధ్య మాటలూ ఇమడాలంటే పొట్టి రికార్డింగులకే చోటు దక్కుతుంది. పదిహేను నిమిషాల వాద్యం సగంలోనే సన్నగిల్లి వ్యాఖ్యాత గొంతు కింద అణిగిపోతుంది. మనోధర్మం పండేది తరచుగా ఆ రెండో సగంలోనే. 1956 జులై 7 రాత్రి అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో పియానో వాద్యకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బృందం 'డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ' వాయిస్తుండగా, పాల్ గొన్సాల్వెస్ టెనర్ శాక్సఫోన్ మీద ఏకబిగిన 27 ఆవర్తాలు వాయించారు. పన్నెండు బార్ల (తాళపు కొలతల) బ్లూస్ వరస ఒకసారి పూర్తయితే ఒక ఆవర్తం కనుక అవి మొత్తం 324 బార్లు. మొదటి ఆవర్తాల్లో అబ్బురపరిచేదేమీ లేదు. జనం కేకలు ఎక్కడో దూరాన మొదలై, ఆవర్తం ఆవర్తానికీ పెరుగుతూ, చివరికి వాద్యాన్నే ముందుకు తోస్తున్నట్టు వినిపిస్తాయి. మూడో ఆవర్తం దగ్గర కోసేస్తే మిగిలేది ఒక మామూలు బ్లూస్.

ఆ రాత్రి గొన్సాల్వెస్ ఊదినది రికార్డు కంపెనీ మైకులోకి కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా మైకులోకి. అందుచేత ఆ కచేరీ పేరిట రికార్డు కంపెనీ విడుదల చేసిన ఆల్బమ్‌లో ఆయన దూరంగా వినిపించారు. పైగా ఆ ఆల్బమ్‌లో కొంత భాగం తరువాత స్టూడియోలో మళ్ళీ వాయించి, జనఘోష అతికించినది. రేడియో టేపు దొరికాక, రెండు టేపులనూ జతచేసి 1999లో స్టీరియోగా విడుదల చేశారు. రికార్డు కంపెనీ చేజార్చుకున్నదాన్ని రేడియో పట్టుకుంది.

ధ్వని నాణ్యత విషయంలో కార్యక్రమానిదే పైచేయి. ఆరుబయట వేదిక మీద డబుల్ బేస్ తరచుగా ముద్దయిపోతుంది. మీడియం వేవ్‌లో వినేవారికి మాత్రం ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే డ్రమ్స్‌లోని సింబల్ (లోహపు తాళం) మీద బ్రష్ రాసిన సవ్వడి అక్కడ ఎలాగూ అందదు. కోరినప్పుడు వినగలిగే పాత ప్రసారాలు మూడో మార్గం. సమయం తప్పిపోయినవారికి అవి చాలు.

పేర్ల ఇబ్బందికి నేను చేసుకున్న ఏర్పాటు ఒకటుంది. ప్రసారానికి ముందే ఉత్సవ పట్టిక చూసి, ఎవరు ఏ వాద్యమో, ఏ వరుసలో రానున్నారో ఒక కాగితం మీద రాసుకుని రేడియో పక్కన పెట్టుకుంటాను.