నాన్న వాచీతో వాచీల ఊళ్లకు

మొదటి తప్పు మాదే. సోమవారం ఉదయం జెనీవాలో దిగాం. అక్కడ మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసేస్తారన్న సంగతి టికెట్లు కొనేముందు చూసుకోలేదు. ఆరు రోజుల ప్రయాణంలో ఒకరోజు అలా పోయింది. మీరు వెళ్లేటట్టయితే మంగళవారం దిగండి.

మేమంటే నేను, మా బావ. బావకి వాచీల పిచ్చి. పదిహేనేళ్లుగా కొంటున్నాడు. కొన్న ప్రతిదాన్నీ పైనున్న ప్లాస్టిక్ పొర కూడా ఊడదీయకుండా, పెట్టె, బిల్లు, గ్యారంటీ కార్డుతో సహా బ్యాంకు లాకర్లో పెడతాడు. ఏడాదికోసారి వెళ్లి చూసుకుని వస్తాడు. నాకున్నది ఒక్కటే, నాన్న వాచీ. కీ ఇచ్చే రకం. తెల్ల డయల్ మీగడ రంగుకి తిరిగింది. ముళ్ల మీది రేడియం ఎప్పుడో గోధుమ రంగు అయిపోయింది. 1974లో తొలి జీతాలు కూడబెట్టి కొన్నారని మా ఇంట్లో కథ. రెండేళ్లుగా ఆగిపోయి ఉంది. పుట్టిన దేశంలోనే బాగుచేయిద్దామని జేబులో వేసుకుని బయల్దేరాను.

మ్యూజియాలు లేవు కాబట్టి ఆ సోమవారమే ఆ వాచీ కంపెనీ షోరూముకి వెళ్లాం. ఏ కంపెనీయో చెప్పను. కుర్చీ, కాఫీ, తెల్ల చేతి తొడుగులు, మర్యాదకి లోటు లేదు. లోపలికి తీసుకెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చి కాగితం ఇచ్చారు. ఐదు నెలలు, 850 ఫ్రాంకులు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను: డయల్, ముళ్లు కొత్తవి వేస్తాం, కేసు పాలిష్ చేస్తాం, పాతవి తిరిగివ్వం. వద్దు, డయల్ అలాగే ఉంచండి అన్నాను. అది మా పద్ధతి కాదండీ అన్నారు. బావకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. కలెక్టర్ల లెక్కలో పాత వాచీ విలువంతా ఆ అసలు డయల్లోనే ఉంటుంది. పాలిష్ చేస్తే కేసు అంచులు కరిగి గుండ్రమైపోతాయి, అవి మళ్లీ రావు. ఇంతా చేసి మెరిసే కొత్త డయల్ వేసి ఇస్తే నాన్న వాచీ అని దాన్ని ఎలా అనుకోను?

ఆ సాయంత్రం సరస్సు ఒడ్డున పూల గడియారం చూసి వచ్చేశాం. 1955లో పెట్టారట. ఫొటోకి బాగుంటుంది, అంతకన్నా చెప్పడానికేం లేదు.

జెనీవాలో స్టేషన్ వెనక ఒక చిన్న హోటల్లో దిగాం. రాత్రికి 200 ఫ్రాంకులు దాటింది, గదిలో రెండు సూట్‌కేసులు తెరిస్తే నడిచే దారి లేదు. ఒక్క మేలు, ఊళ్లో హోటల్లో దిగినవాళ్లకి బస్సులు, ట్రాములు ఉచితంగా ఎక్కే కార్డు ఇస్తారు. అడిగి తీసుకోండి.

మంగళవారం పటెక్ ఫిలిప్ మ్యూజియం. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం 2 గంటలకి గానీ తెరవరు. శనివారం ఒక్కరోజే ఉదయం 10 నుంచి. మూడు గంటలు చాలవు. వాళ్ల వాచీలే కాదు, 16వ శతాబ్దం నుంచి యూరప్‌లో చేసిన గడియారాలు ఒక అంతస్తు నిండా ఉన్నాయి. మీట నొక్కితే పిస్తోలు గొట్టంలోంచి బుల్లి పక్షి బయటికొచ్చి పాడే బొమ్మ ఉంది. 1868లో ఒక హంగేరీ కౌంటెస్ కోసం చేసిన చేతి గడియారం ఉంది. 1989లో కంపెనీ 150వ ఏటికి చేసిన క్యాలిబర్ 89 అనే జేబు గడియారం ఉంది: 1728 భాగాలు, 33 కాంప్లికేషన్లు, కిలోకి పైనే బరువు. కాంప్లికేషన్ అంటే టైము చూపడం కాక వాచీ చేసే అదనపు పని, తేదీ, చంద్రకళ, గంట కొట్టడం లాంటివి. బావ దాని ముందు అరగంట నిలబడ్డాడు. నాకు మాత్రం చూస్తున్నకొద్దీ ఏదో వెలితి. అన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ, అద్దాల వెనక, మసక వెలుతురులో. పెద్ద చప్పుళ్లు చేయాల్సినవన్నీ ఒక్కచోట చేరి నోరు మూసుకున్నట్టుంది.

అదే మాట అంటే బావ ఒప్పుకోలేదు. “ఇలా దాచారు కాబట్టే మిగిలాయిరా. చేతికి పెట్టుకుని తిరిగితే ఉండేవా?”

బుధవారం జురా కొండల్లోని వాలే ద జుకి వెళ్లాం. ఇది మాకు గిట్టుబాటు కాని రోజు. చలికాలంలో మంచు కప్పేస్తే పొలం పని ఉండదు కాబట్టి రైతులు కిటికీ పక్కన కూచుని వాచీ భాగాలు చేసిన లోయ ఇది. ల బ్రాసులో ఓడెమార్ పిగే అనే వాచీ కంపెనీ మ్యూజియం, నేలలోంచి లేచిన గాజు చుట్టలా ఉంటుంది. ముందుగా బుక్ చేసుకుంటేనే లోపలికి. మాకు దొరకలేదు. బయటి నుంచి గాజు చూసి, పక్కనే వాళ్లదే హోటల్లో ఒక కాఫీ తాగి వచ్చేశాం. గది అద్దె అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ల సాంటియేలో ఎస్పాస్ ఒర్లోజే అనే చిన్న మ్యూజియం పిల్లలతో వెళ్లేవాళ్లకి బాగుంటుంది. బుకింగ్ లేకుండా మాత్రం ఆ లోయ కోసం ఒక రోజు పెట్టకండి.

గురువారం లా షో-ద-ఫాన్‌కి బయల్దేరాం. నూషాతెల్‌లో రైలు మారాక కొండెక్కే దారి. షాంబ్రెలియాన్ అనే స్టేషన్లో రైలు ఆగి, వచ్చినవైపుకే తిరిగి నడుస్తుంది. ఎక్కడో పొరపాటైందని నాకు టెన్షన్ పట్టుకుంది. దారి అంతేనట, ఏటవాలుని వంకర మలుపులో ఎక్కడానికి. ఆ రైల్లోనే బావ పాల్ న్యూమన్ వాచీ కథ చెప్పాడు. సినిమా హీరోకి భార్య కొనిచ్చిన రోలెక్స్ డేటోనా అది. జాగ్రత్తగా కారు నడపమని వెనక చెక్కించి ఇచ్చింది. ఆయన దాన్ని ఏళ్ల తరబడి పెట్టుకుని, చివరికి కూతురు ప్రేమించిన కుర్రాడికి ఇచ్చేశాడు. 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకి పైగా పలికింది. “చూశావా?” అన్నాడు. “చూశాను బావా, ఆయన లాకర్లో పెట్టలేదుగా” అన్నాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

లా షో-ద-ఫాన్ అందమైన ఊరు కాదు, ముందే చెప్పేస్తున్నా. వెయ్యి మీటర్ల ఎత్తు, అక్టోబరు చివరికే చేతులు కొంకర్లు పోయాయి. 1794లో ఊరు తగలబడితే గీతలు గీసినట్టు వరుసలుగా మళ్లీ కట్టారు, ప్రతి ఇంటికీ వెలుతురు తగిలేలా. వాచీ పనివాడికి వెలుతురే పెట్టుబడి. ఊరంతా కలిసి ఒకే వాచీ ఫ్యాక్టరీ అన్నట్టు కార్ల్ మార్క్స్ రాశాడు. పక్కనున్న ల లోక్ల్‌తో కలిపి 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మేం దిగింది ఒక పాత ఇంటి పై అంతస్తులో అద్దె గది. ఒక గోడ మొత్తం వరుస కిటికీలే, ఒకప్పుడు అక్కడ పనిబల్లలు ఉండేవట. 110 ఫ్రాంకులు. హీటర్ రాత్రి రెండు గంటలకి ఆగిపోయేది, మెట్లు నాలుగు అంతస్తులు, అయినా ఈ ప్రయాణంలో నాకు నచ్చిన గది అదే. నూషాతెల్ ప్రాంతంలో రాత్రి బస చేసినవాళ్లకి టూరిస్ట్ కార్డు ఇస్తారు. లోకల్ రైళ్లు, బస్సులు, మ్యూజియాలు దాంతోనే నడిచిపోయాయి. జెనీవాలో అయిన ఖర్చు ఇక్కడ కాస్త సర్దుకుంది.

ఇక్కడి అంతర్జాతీయ గడియారాల మ్యూజియం భూమిలోపల కట్టినది, 1974 నాటిది. బయట తోటలో ఉక్కు గొట్టాల పెద్ద గంటల యంత్రం పావుగంటకోసారి మోగుతుంది. లోపల వేల వస్తువులు, నీడ గడియారాల నుంచి అణు గడియారాల దాకా. పటెక్ మ్యూజియంలో ఉన్నంత బంగారం ఇక్కడ కనబడదు. కానీ ఇక్కడ గడియారాలు నడుస్తున్నాయి, చప్పుడు చేస్తున్నాయి. అద్దం అవతల మరమ్మతు గది ఉంది. ఒకామె కంటికి లెన్స్ పెట్టుకుని ఏదో పాత గడియారం చక్రాన్ని పుల్లతో తుడుస్తోంది. ఇరవై నిమిషాలు చూశాను. ఒక్క పన్ను తుడిచి, లెన్స్ తీసి, చూసి, మళ్లీ అదే పన్ను.

ఎదురుగా టికెట్ల బల్ల దగ్గర అడిగితే, సొంతంగా పనిచేసుకునే ఒక పెద్దాయన దుకాణం చెప్పారు. దుకాణం అంటే ఒక కిటికీ, ఒక బల్ల. పేరు రాయను, ఇక మీద పని తీసుకోవడం తగ్గిస్తున్నానని ఆయనే అన్నారు. మాట్లాడుతూనే నాన్న వాచీ వెనక మూత తిప్పి తీశారు. నూనె ఎండి జిగురై పోయిందన్నారు. ముక్కలేవీ విరగలేదు. బావ వైపు తిరిగి, లాకర్లో పెట్టినా నూనె ఎండుతుంది, రబ్బరు వాషర్ గట్టిపడుతుంది, వాచీకి ఆ తేడా తెలియదు అన్నారు. బావ ముఖం చూడాల్సింది.

తర్వాత ఆ మూతని బోర్లించి, లెన్స్ నా చేతికిచ్చారు. లోపలి వైపు, కంటికి ఆననంత సన్నగా, సూదితో గీసిన గీతలు. సర్వీసు చేసిన ప్రతి మెకానిక్కూ తన గుర్తు, తేదీ గీసుకునే అలవాటు వాళ్లలో ఉండేదట. మూడు గుర్తులు. మూడోది 14-3-82. అది నాకు తెలుసు, అక్క పుట్టిన ఏడాది. రెండోది రెండక్షరాలు మాత్రమే. మొదటిది 11-69.

1974లో కొత్తది కొన్నారు కదా. మళ్లీ చూశాను. 69 అనే ఉంది. నాన్న సెకండ్ హ్యాండ్ కొన్నారన్నమాట. ముప్పై ఏళ్లు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. “పెట్టె లేదు, కాగితాల్లేవు, ఇప్పుడు ఇదొకటా” అన్నాడు. నిజమే, ఆయన లెక్కలో విలువ తగ్గింది. కొన్ని పాత కంపెనీలు నంబరు పంపిస్తే రిజిస్టర్లు వెతికి వాచీ ఏ ఏడు తయారైందో రాసిస్తాయి. రాసి అడగమని బావ పోరు పెట్టాడు. ఇంకా అడగలేదు.

శుక్రవారం ల లోక్ల్. రైల్లో పది నిమిషాలు కూడా లేదు. జెనిత్ వాచీ ఫ్యాక్టరీ చూడటానికి ముందే బుక్ చేసుకున్నాం. ఈ ప్రయాణంలో నేను ఎవరికైనా తప్పకుండా చెప్పేది ఇదే. 1969లో వచ్చిన వాళ్ల ఎల్ ప్రిమెరో అనే వాచీ యంత్రం గంటకి 36,000 సార్లు కొట్టుకుంటుంది, అందుకే సెకనులో పదో వంతు కొలవగలదు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల దెబ్బకి స్విస్ పరిశ్రమ కూలిపోతున్నప్పుడు, 1975లో, మెకానికల్ వాచీలు ఆపేయమని అమెరికాలోని యజమానుల నుంచి ఆజ్ఞ వచ్చింది. షార్ల్ వెర్మో అనే ఉద్యోగి వినలేదు. ప్రెస్సులు, పనిముట్లు ఒక్కొక్కటే మోసుకెళ్లి అటక మీద దాచాడు, ఏది దేనికో పుస్తకంలో రాసిపెట్టాడు. 80లలో మళ్లీ అవసరమొచ్చినప్పుడు అన్నీ దొరికాయి. 1988 నుంచి 2000 దాకా రోలెక్స్ డేటోనాలో నడిచింది ఆ యంత్రం ఆధారంగా చేసినదే. ఆ అటక చెక్కల వాసన, ఇనుప వాసన కలిసిన చోటు. అక్కడ బంగారం లేదు, అద్దాలు లేవు. బావ అక్కడ ఉన్నంతసేపూ ఏం మాట్లాడలేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం “దాచడమంటే ఇదిరా” అన్నాడు. ఆయన దృష్టిలో తన వాదనే గెలిచింది. నా దృష్టిలో వెర్మో దాచింది వాచీలని కాదు, చేసే పనిముట్లని. ఇప్పటికీ తేలలేదు.

ఊరి పైన షాతో దె మాన్ అనే పాత భవనంలో ఇంకో గడియారాల మ్యూజియం ఉంది. టైముంటే చూడండి, ఎక్కడానికి దమ్ముండాలి.

శనివారం తిరుగు ప్రయాణంలో బీల్‌లో దిగి ఒమెగా మ్యూజియం చూశాం. ఉచితం, బాగా కట్టారు, కాస్త ప్రకటనలా ఉంటుంది. చంద్రుడి మీద వ్యోమగామి ఆల్డ్రిన్ చేతికున్న ఒమెగా స్పీడ్‌మాస్టర్ వాచీ ఆ తర్వాత అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపేటప్పుడు దారిలో పోయింది, ఇప్పటికీ దొరకలేదు. ఆ మాట వినగానే బావ నా ఖాళీ చేతి వైపు చూశాడు. వాచీ పెద్దాయన దగ్గరే వదిలేసి వచ్చాను మరి. సర్వీసు చేశాక వారాల తరబడి నడిపి చూడాలన్నారు. చేతిరాత రసీదు ఇచ్చారు, 420 ఫ్రాంకులు, కింద అడగకుండానే రాశారు: డయల్ ముట్టుకోను.

ఏడు వారాలకి ఇన్సూరెన్సు పార్శిల్లో వచ్చింది. పాత వాచీయేనని కస్టమ్స్ వాళ్లకి చూపించడానికి ఆ రసీదే పనికొచ్చింది. రోజుకి 12 సెకన్లు ముందుకి పోతోంది. తిరిగి పంపి సరిచేయించమని బావ అంటాడు. నేను పంపలేదు. మూత లోపల నాలుగో గీత ఉందో లేదో మా ఊరి మెకానిక్ దగ్గర తీయించి చూడాలని మాత్రం ఉంది.