క్రోమ్ బంపర్: మెరుపంతా బయటివైపే

మా పికప్ ట్రక్కుకి సొట్ట పడ్డ వెనక బంపర్ తీసేసి, విడిభాగాల షాపులో కొన్న క్రోమ్ బంపర్ వేయించి చాలా కాలమైంది. కొత్తలో అడిగినవాళ్ళందరికీ "భలే ఉంది, తీసుకోండి" అని చెప్పాను. ఇప్పుడైతే "కొనేముందు దాన్ని తిప్పి లోపలివైపు చూడండి" అంటున్నాను.

పాతదానికే సొట్ట తీయించొచ్చు కదా అంటారు. రంగు వేసిన స్టీలు బంపరైతే అదే చేయించేవాణ్ణి. కానీ పాతదీ క్రోమే, దాని సంగతి వేరు. సుత్తి దెబ్బకి రేకు సాపవుతుంది కానీ పైపూత సాగదు, పగిలి పెచ్చులుగా ఊడుతుంది. మళ్ళీ ప్లేటింగ్ (కరెంటుతో లోహపు పూత పట్టించడం) అంటే పాత పూతంతా తీసేసి, పాలిష్ పట్టి, నికెల్, దాని మీద క్రోమ్ ఎక్కించాలి. అంత తతంగం ఎందుకని కొత్తదే వేయించాను.

బిగింపు బాగా కుదిరింది. కాకపోతే ఆ మెచ్చుకోలులో సగం మెకానిక్‌కే ఇవ్వాలి. దెబ్బకి బంపర్‌తో పాటు దాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ కూడా ఒకటి వంగింది. కొత్తది పెట్టి చూస్తే ఒక పక్క బాడీకి వేలు దూరేంత సందు, రెండో పక్క రాసుకునేంత దగ్గర. అతను బ్రాకెట్ మార్చి, కోలగా ఉండే రంధ్రాల్లో బోల్టులు అటూ ఇటూ జరిపి, రెండు పక్కలా సందు సమానమయ్యాకే గట్టిగా బిగించాడు.

నా కోపమల్లా తుప్పు మీద. ఒక వానాకాలం అయ్యాక బండి కడుగుతుంటే నంబర్ ప్లేటు బోల్టుల కింద గోధుమరంగు చారలు కనిపించాయి. బురదేమో అని తుడిస్తే పోయాయి, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాయి. విప్పించి చూస్తే బయటివైపు అద్దంలా ఉంది, లోపలివైపు పూత ఏదో ఉందంటే ఉంది. మడతల్లో, వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచింది. ప్లేటింగ్ తొట్టిలో యానోడ్‌కి, అంటే కరెంటు ప్లస్ వైపు తగిలించిన పలకకి, ఎదురుగా ఉన్న వైపు పూత మందంగా పడుతుంది, లోతట్టు మూలల్లో పలచబడుతుంది. పైగా నికెల్, క్రోమ్ జింకులాంటివి కావు. జింకైతే తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఇక్కడ పూతలో చిన్న కంత పడినా ముందు పోయేది లోపలి ఇనుమే. చక్రాలు చిమ్మే బురద, కంకర తగిలేదీ సరిగ్గా ఆ లోపలివైపే. చూసి కొనేవాళ్ళకి కనిపించేది మాత్రం బయటివైపు!

వైరు బ్రష్షుతో గీకించి, జింక్ ప్రైమర్ కొట్టించి, పైన నల్లరంగు వేయించాను. అప్పటినుంచి తుప్పు పెద్దగా పాకలేదు. బయటికి తేలిన చిన్న చిన్న బుడిపెలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి మందు లేదు.

మా బండి ఎండకీ వానకీ బయటే ఉంటుంది, తిరిగేది ఎక్కువగా మట్టిరోడ్ల మీద. షెడ్డులో ఉండే బండికి ఇదే బంపర్ ఏ గొడవా లేకుండా నడవొచ్చు. నా మటుకు ఈసారి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించి పట్టించే పూత) ఉన్న స్టీలు బంపరే చూద్దామనుకుంటున్నాను, అయితే మా అబ్బాయికి నల్ల బంపర్ అంటే అస్సలు పడదు. క్రోమే కావాలనుకుంటే బిగించకముందే లోపలివైపు ప్రైమరూ రంగూ వేయించండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. నావి రెండు కోయించాల్సి వచ్చింది.