‘డిప్ చేసే పంపిస్తాం’ అన్న మాట నమ్మి ఆక్రోపోరాని నేరుగా ట్యాంక్‌లో పెట్టకండి

ఉప్పునీటి అక్వేరియంలో పెట్టడానికి కొత్తగా ఆక్రోపోరా (కొమ్మలుగా పెరిగే పగడం) కొనబోతున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే కొనండి. నాలుగు నెలల క్రితం ఒకరి దగ్గర మూడు ఆక్రోపోరా ఫ్రాగ్‌లు (పెద్ద పగడం నుంచి విరిచిన చిన్న ముక్కలు) తీసుకున్నాను. “అన్నీ డిప్ చేసే పంపిస్తాం, నేరుగా ట్యాంక్‌లో పెట్టేసుకోండి” అన్నారు. డిప్ అంటే పురుగులు రాలిపోవడానికి పగడాన్ని మందు కలిపిన నీళ్ళలో కాసేపు ముంచడం. పెట్టేశాను. ఇవాళ నా మెయిన్ ట్యాంక్‌లో ఒక్క ఆక్రోపోరా కూడా లేదు. వేలెడంత ముక్క నుంచి ఏడేళ్ళు పెంచుకున్న పగడం కూడా పోయింది.

మొదటి నెల ఏమీ తెలియలేదు. ఆ తర్వాత కొమ్మల రంగు పలచబడింది, పాలిప్‌లు (పగడం మీద పువ్వుల్లా కనిపించే చిన్న జీవులు) విచ్చుకోవడం తగ్గింది. నీటి ఆల్కలినిటీలో (క్షారత్వంలో) తేడా వచ్చిందేమోనని టెన్షన్ పడి రోజూ టెస్టులు చేశాను, లైటు తగ్గించి చూశాను. మూడు వారాలు అలా పోయాయి. నీళ్ళలోనే లోపం ఉంటే మిగతా పగడాల్లోనూ ఎంతో కొంత కనిపించాలి కదా. పక్కనే మోంటిపోరాలు (ఇంకో రకం పగడాలు) నిక్షేపంగా ఉన్నాయి, ఆక్రోపోరాలు మాత్రమే వాడిపోతున్నాయి. అది చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

చివరికి ఒక కొమ్మ తీసి, తెల్ల గిన్నెలో ట్యాంక్ నీళ్ళు పోసి అందులో ఉంచి, పిపెట్‌తో గట్టిగా నీళ్ళు కొట్టాను. కొమ్మ మీది పొరే ఊడిందా అన్నట్టు ఏదో పైకి లేచి, అంచులు అలల్లా ఆడిస్తూ మెల్లగా గిన్నె అడుక్కి దిగింది. పలచటి గోధుమరంగు, చిటికెన వేలి గోరులో సగం ఉంటుంది. ఆక్రోపోరాని తినే ఫ్లాట్‌వార్మ్ (బల్లపరుపు పురుగు) అది. తిన్న పగడం రంగే దాని ఒంట్లోనూ కనిపిస్తుంది కాబట్టి కొమ్మకి అంటుకుని ఉన్నంతసేపూ కంటికి ఆనదు. ఒక్క కొమ్మ నుంచి పదకొండు రాలాయి.

పురుగు కనబడకపోయినా అది తిన్న గుర్తులు కనబడతాయి. గుండ్రటి చిన్న చిన్న పాలిపోయిన మచ్చలు, ఎక్కువగా కొమ్మ మొదట్లోనూ లైటు పడని వైపునా ఉంటాయి. గుడ్లు మాత్రం బతికున్న పగడం మీద పెట్టదు, పక్కనే చచ్చి తెల్లబడిన అస్థిపంజరం మీద పెడుతుంది. ఇసుక రేణువుల్లాంటివి, పాత ఇత్తడి రంగులో, ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టు ఉంటాయి. నేను కొన్న ఫ్రాగ్‌ల మొదట్లో, ప్లగ్‌కి (ఫ్రాగ్‌ని నిలబెట్టే చిన్న దిమ్మకి) అతికించిన జిగురు అంచునే ఈ గుడ్ల గుత్తులున్నాయి. భూతద్దం పెట్టి మొదటిరోజే చూసి ఉంటే దొరికిపోయేవి.

అమ్మినవాళ్ళు నిజంగానే డిప్ చేసి ఉండొచ్చు. కానీ డిప్‌కి పురుగులు రాలతాయి తప్ప గుడ్లు చావవు. ఆ సంగతి కొనేవాళ్ళకి చెప్పకుండా ‘నేరుగా పెట్టేసుకోండి’ అనడం పెద్ద తప్పు. ఫొటోలు పంపితే “మీ ట్యాంక్‌లో ముందే ఉండుంటాయి” అన్నారు, ఆ తర్వాత జవాబే లేదు.

కాబట్టి ఫ్రాగ్ రాగానే ప్లగ్ విరిచి పారేయండి. చచ్చిన మొదలుంటే దాన్ని కూడా కట్టర్‌తో కోసేయండి, గుడ్లన్నీ ఉండేది అక్కడే. డిప్‌లో ఉంచినంతసేపూ పిపెట్‌తో నీళ్ళు కొడుతూ ఏం రాలుతోందో చూడండి. ఆ నీళ్ళు ట్యాంక్‌లోకి రానివ్వకండి, వేరే శుభ్రమైన ఉప్పునీళ్ళలో కడగండి. ఆ తర్వాత వేరే చిన్న ట్యాంక్‌లో కనీసం ఆరు వారాలు ఉంచి, వారం వారం మళ్ళీ డిప్ చేయండి. నీటి వేడిని బట్టి గుడ్లు పొదగడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. పొదిగిన పిల్లలు మళ్ళీ గుడ్లు పెట్టేలోపే వాటిని పట్టుకోవాలి, అందుకే ఇన్నిసార్లు.

మోంటిపోరా కొనేవాళ్ళు పలకలా ఉండే ఆ పగడాన్ని తిప్పి అడుగువైపు చూడండి. కొన్ని మిల్లీమీటర్లుండే తెల్లటి న్యూడీబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) అక్కడ దాక్కుంటాయి, వాటి గుడ్లదీ ఇదే కథ. జొయాంథిడ్‌లని (పగడాల్లాంటి మరో రకం జీవుల్ని) తినే న్యూడీబ్రాంక్‌లైతే తాము తిన్నదాని రంగులోకే మారిపోతాయి. ఆక్రోపోరా మీద ఉండే మరో రకం చిన్న పురుగులు, రెడ్ బగ్స్, వీటికంటే నయం, గుడ్లని ఒంటి మీదే మోస్తాయి కాబట్టి మిల్బెమైసిన్‌తో పోతాయి. కానీ అది పశువైద్యుల మందు, దానికి మీ రొయ్యలు, పీతలు కూడా చస్తాయి.

పురుగుల్ని తింటుందని ఒక సిక్స్‌లైన్ రాస్ చేపని తెచ్చాను. కంటబడ్డ పురుగుల్ని తింటుంది, గుడ్ల జోలికి పోదు. పాడుకాని కొమ్మల కొసలు రెండు విరిచి వేరే ట్యాంక్‌లో పెట్టాను. ఇది ఐదో వారం, నిన్నటి డిప్‌లో ఏమీ రాలలేదు. ఈ ఫ్లాట్‌వార్మ్‌కి ఆక్రోపోరా తప్ప వేరే తిండి లేదు, అందుకని మెయిన్ ట్యాంక్‌లో ఇంకో రెండు నెలలు ఆక్రోపోరా పెట్టను.

ఈ మధ్య మీరెవరైనా ఆక్రోపోరా నేరుగా ట్యాంక్‌లో పెట్టి ఉంటే, ఇవాళే ఒక ఫ్రాగ్ పైకి తీసి మొదలు దగ్గర భూతద్దంతో చూడండి.