ఆర్బత్‌నాట్: తాతగారి డబ్బు మింగిన పేరు పుట్టిన ఊరు

ఆర్బత్‌నాట్ ఊరు చూడటానికి వెళ్లి, దగ్గర్లోని స్టోన్‌హేవెన్‌లో మేం దిగిన లాడ్జి సంగతి ముందే చెప్పేస్తాను, ఇంకెవరూ మోసపోకూడదు. 2018 జూన్‌లో నేను, మా ఆయన, నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ స్కాట్లాండ్ వెళ్లాం. గది 96 పౌండ్లు, టిఫిన్ అందులోనే అని బుకింగ్ కాగితంలో ఉంది. తీరా దిగాక టిఫిన్‌కి మనిషికి తొమ్మిదిన్నర పౌండ్లు వేరే కట్టమన్నాడు ఓనరు. కాగితం చూపిస్తే దానివైపు చూడనైనా లేదు. రాత్రి అమ్మ చలికి వణికిపోతోందంటే, "జూన్‌లో హీటర్ వెయ్యం" అని తలుపేసుకున్నాడు. రెండు శాలువాలు కప్పుకుని అమ్మ తెల్లవార్లూ కూర్చునే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంత దూరం వెళ్లింది అమ్మ కోసమే. వాళ్ల తాతగారు మద్రాసులో బ్యాంకులా నడిచే ఆర్బత్‌నాట్ కంపెనీలో 600 రూపాయలు దాచుకున్నారు. 1906 అక్టోబర్ 22న కంపెనీ మూతపడింది. దాన్ని నడిపిన సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కి మోసం చేసినందుకు 18 నెలల కఠిన కారాగార శిక్ష పడింది. ఆ దెబ్బ తిన్నాకే 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంక్ పుట్టింది. తాతగారి డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఆర్బత్‌నాట్ అనేది అసలు స్కాట్లాండ్‌లో ఒక ఊరి పేరని నేను చెప్పినప్పటి నుంచి చూడాల్సిందేనని పట్టుబట్టింది అమ్మ. టాక్సీకి రానూపోనూ, గంటన్నర ఆగినందుకూ కలిపి 70 పౌండ్లు. డ్రైవర్ మర్యాదస్తుడు, చర్చి గేటు దాకా అమ్మకి చెయ్యి అందించాడు.

కాసిన్ని ఇళ్లు, పొలాలు, కింద బర్వీ వాగు. 12వ శతాబ్దంలో స్వింటన్ వంశపు హ్యూ అనే ఆయనకి ఈ భూములు దక్కాయి. తర్వాత ఆ కుటుంబం ఊరి పేరే ఇంటిపేరు చేసుకుంది. పేరు పాత రూపంలో మొదట ఉన్న 'అబర్' అంటే వాగు కలిసే చోటు. "మన ఇంటిపేర్లూ ఇంతేగా, సగం ఊళ్లవే" అంది అమ్మ. ఇంగ్లీషులో ఊరి పేరు చివర రెండు 'టీ'లు, మద్రాసు వాళ్లు ఒకటే రాసుకున్నారు. బ్రిటన్ రాణి ఆన్ వైద్యుడు, ఇంగ్లండ్‌కి ప్రతీకగా చెప్పుకునే జాన్ బుల్ పాత్రను సృష్టించిన జాన్ ఆర్బత్‌నాట్ కూడా 1667లో ఇక్కడే పుట్టాడు.

సెయింట్ టెర్నన్ చర్చిలో ఒక భాగం 1242 నాటిది. లోపల చల్లటి రాతిగోడ మీద అరచెయ్యి ఆనించి అమ్మ చాలాసేపు నిలబడింది. "ఇంత పాత పేరు పెట్టుకుని ఆ పని ఎలా చేశారే?" అంది. మా ఆయన మాట్లాడకుండా బయటికి వెళ్లి నిలబడ్డాడు.

వెళ్లేవాళ్లు అబర్డీన్‌లోనే బస పెట్టుకోండి. స్టోన్‌హేవెన్‌కి రైలుంది, అక్కడి నుంచి టాక్సీ. పక్కనున్న ఇన్వర్‌బర్వీ ఊరి దాకా బస్సు ఉన్నా, దిగాక మూడు మైళ్లు నడవాలి. పెద్దవాళ్లతో అది వద్దు.